ఎండల లెక్క ఫిజిక్సు క్లాసులోనే చెప్పాలి

"చెట్లు నాటండి", "నీటిని పొదుపు చేయండి", "పర్యావరణాన్ని కాపాడండి". ఈ మాటలు రాయని బడి గోడ గాని హాస్టలు గోడ గాని తెలుగునాట కనపడదు. పర్యావరణ దినోత్సవం పేరుతో ర్యాలీలు తీస్తాం. వ్యాసరచన పోటీలు పెడతారు, బహుమతులు ఇస్తారు. ఇవన్నీ మంచివే. కానీ "భూమి ఎందుకు వేడెక్కుతోంది?" అని చిన్న తరగతి తమ్ముడు అడిగితే "కాలుష్యం వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. "కాలుష్యానికీ వేడికీ ఏమిటి సంబంధం?" అని వాడు రెండో ప్రశ్న వేస్తే మన దగ్గర జవాబు ఉండదు.

జవాబు లేక కాదు. అది మన ఫిజిక్సు పుస్తకంలోనే ఉంది. ఉష్ణం పాఠంలో కొంత, కాంతి పాఠంలో కొంత, పని-శక్తి పాఠంలో కొంత, విద్యుత్తు పాఠంలో కొంత ఉంది. ఈ ముక్కలన్నీ కలిపి చూపించేవాళ్ళు కావాలి. మా హాస్టలు పదో తరగతి, ఇంటర్ విద్యార్థులం కలిసి ఈ వ్యాసంలో ఆ పని చేయడానికి ప్రయత్నిస్తున్నాం. వాతావరణ మార్పునూ సుస్థిర అభివృద్ధినీ వేరే సబ్జెక్టుగా కాకుండా భౌతికశాస్త్రం క్లాసులోనే చెప్పాలన్నది మా అభిప్రాయం. ఎందుకో, ఎలాగో చదివి మీరే చెప్పండి.

కోర్టు చెప్పింది, పుస్తకం వదిలేసింది

పర్యావరణ విద్య కొత్త మాట కాదు. ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరిగా బోధించాలని చెప్పింది. 2003 డిసెంబరులో ఇదే విషయమై మళ్ళీ ఆదేశాలిచ్చింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పర్యావరణాన్ని వివిధ సబ్జెక్టుల బోధనలో కలిపి చెప్పడం మేలు అన్నది. అయినా ఆచరణలో పర్యావరణం అంటే ఒక ప్రాజెక్టు చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు, పరీక్షకు ముందు రోజు పూర్తిచేసే రికార్డుగానే మిగిలిపోయింది.

ఇంకో సంగతి. పాఠ్యభారం తగ్గించే పేరుతో ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో చేసిన మార్పుల్లో పదో తరగతి సైన్సు నుండి "శక్తి వనరులు", "సహజ వనరుల సుస్థిర నిర్వహణ" అనే రెండు అధ్యాయాలు పోయాయి. అధ్యాయం పోయినంత మాత్రాన విషయం పోదు. ఉష్ణాన్నీ విద్యుత్తునూ ఎవరూ తీసివేయలేరు గదా! అందుకే ఈ పాఠం ఆ అధ్యాయాల్లోనే దాగి ఉండాలి. అక్కడుంటే దాన్ని ఎవరూ తొలగించలేరు.

ముందు రెండు మాటలకు అర్థం

వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు. ఇవాళ మెస్సులో పప్పా, సాంబారా అన్నది వాతావరణం లాంటిది. గోడకు అతికించిన మెనూ శీతోష్ణస్థితి లాంటిది. ఒక రోజు కూర మారినంత మాత్రాన మెనూ మారినట్లు కాదు. సాధారణంగా ముప్పై ఏళ్ళ సగటు చూసి ఒక ప్రాంతపు శీతోష్ణస్థితిని చెబుతారు. ఒక వేసవిలో వానలు పడి చల్లబడితే "భూమి వేడెక్కడం అబద్ధం" అనరాదు. ఒక్క రోజు ఎండ మండితే అదంతా భూతాపమే అని కూడా అనరాదు.

సుస్థిరత అంటే ఇవాళ్టి అవసరం తీర్చుకుంటూనే రేపటివాళ్ళకు లోటు రాకుండా చూసుకోవడం. నెల కోటా బియ్యం ఇరవయ్యో తేదీకే అయిపోకుండా వార్డెన్ గారు చూసుకుంటారు కదా, అదే సుస్థిరత. బియ్యానికి రిజిస్టరు ఉన్నట్లే శక్తికి కూడా ఒక రిజిస్టరు ఉంది. దాని పేరే భౌతికశాస్త్రం.

భూమి జమాఖర్చు

భూమికి జమ అంతా సూర్యుడి నుండే వస్తుంది. వాతావరణం పైన సూర్యుడికి ఎదురుగా ఉంచిన ప్రతి చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల శక్తి అందుతుంది. భూమి గుండ్రంగా ఉంది, సగం ఎప్పుడూ చీకటిలో ఉంటుంది. వృత్తం వైశాల్యం కంటే గోళం ఉపరితల వైశాల్యం నాలుగు రెట్లు. కాబట్టి 1361ని నాలుగుతో భాగిస్తే సగటున చదరపు మీటరుకు 340 వాట్లు. ఇందులో ఇంచుమించు 30 శాతాన్ని మబ్బులు, మంచు, ఇసుక వంటివి వెనక్కి తిప్పి పంపుతాయి. మిగిలిన సుమారు 240 వాట్లను భూమి గ్రహిస్తుంది.

జమ ఉంటే ఖర్చు కూడా ఉండాలి. లేకపోతే భూమి రోజురోజుకూ వేడెక్కి ఈపాటికి మాడిపోయేది. భూమి తన వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి పంపుతుంది. ఇంటర్‌లో వచ్చే స్టీఫాన్ నియమం ప్రకారం వస్తువు వెలువరించే వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 240 వాట్లు ఖర్చు కావాలంటే ఉష్ణోగ్రత ఎంత ఉండాలో ఆ సూత్రంలో పెట్టి చూస్తే 255 కెల్విన్ వస్తుంది. అంటే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్!

ఇదే నిజమైతే గోదావరి, కృష్ణ ఏడాదంతా గడ్డకట్టి ఉండేవి. కానీ భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు. ఈ 33 డిగ్రీల తేడా ఎక్కడి నుండి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న బోర్డు మీద రాస్తే చాలు. భూతాపం పాఠం మొదలైనట్లే.

మబ్బు రాత్రి, తేట రాత్రి

ఆ తేడాకు జవాబు మన ఊళ్ళో అందరికీ తెలిసినదే. శీతాకాలంలో ఆకాశం తేటగా, చుక్కలు మెరుస్తూ ఉన్న రాత్రి చలి బాగా పెడుతుంది. తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పడుతుంది. అదే మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. వేసవిలోనైతే ఉక్కపోతతో నిద్ర పట్టదు. ఎందువల్ల? నేల వదిలిన పరారుణ కిరణాలను మబ్బు పీల్చుకుని, మళ్ళీ అన్ని వైపులకూ వదులుతుంది. అందులో కొంత తిరిగి నేలకే వస్తుంది. తేట ఆకాశంలో ఆ అడ్డు తక్కువ.

మబ్బు లేనప్పుడు కూడా గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు ఇదే పని చేస్తాయి. సూర్యుడి దృశ్యకాంతిని చాలావరకు రానిస్తాయి, నేల పంపే పరారుణాన్ని పట్టుకుంటాయి. దీన్నే హరితగృహ ప్రభావం అంటున్నాం. దుప్పటి వేడిని పుట్టించదు. మన ఒంటి వేడి త్వరగా పోకుండా ఆపుతుంది, అంతే. ఈ వాయువులూ అంతే. ఆ 33 డిగ్రీలు ఈ దుప్పటి చలవే. అది లేకపోతే మనం లేము. దుప్పటి మీద దుప్పటి కప్పడంతోనే వచ్చింది చిక్కు.

ఇంత కొంచెం వాయువుకు అంత బలమా?

ఈ పాఠం చెప్పినప్పుడు చురుకైన పిల్లలు తప్పక వేసే ప్రశ్న ఇది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల అణువులకు నాలుగే. అంత తక్కువ వాయువు ఏం చేయగలదు?

గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ పరారుణ కిరణాలను దాదాపు పట్టించుకోవు. పట్టుకునేవి ఆ కొద్దిపాటి వాయువులే. ఇంట్లోనే చూడవచ్చు. పది లీటర్ల బకెట్టు నీళ్ళలో నాలుగు మిల్లీలీటర్ల సిరా వేయండి. నీళ్ళు పదివేల పాళ్ళు, సిరా నాలుగు పాళ్ళు. ఆ తరువాత బకెట్టు అడుగు చూడండి. నీళ్ళు ఎన్ని ఉన్నా కాంతిని అడ్డుకునేది సిరాయే కదా!

ఈ సంగతి కనిపెట్టడానికి పెద్ద ప్రయోగశాలలు అవసరం కాలేదు. 1824లో ఫ్రాన్సు దేశపు ఫోరియర్ భూమి వేడిని వాతావరణం ఆపుతున్నదని ఊహించాడు. 1856లో అమెరికాకు చెందిన యూనిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి, థర్మామీటర్లు పెట్టి, ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికి ఎక్కువసేపు పట్టింది. గాలిలో ఆ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. 1859లో టిండాల్ ఏ వాయువు పరారుణాన్ని ఎంత పీల్చుకుంటుందో కొలవడం మొదలుపెట్టాడు. 1896లో స్వీడన్‌కు చెందిన అరీనియస్ కాగితం మీద లెక్కవేసి, బొగ్గు కాల్చడం వల్ల భూమి వేడెక్కగలదని చూపాడు.

పరిశ్రమలు పెరగక ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 280 భాగాలు ఉండేది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలతలు మొదలైనప్పుడు సుమారు 315. 2024 సగటు దాదాపు 425. అదే బకెట్టు లెక్కలో చెప్పాలంటే 2.8 మిల్లీలీటర్ల సిరా 4.2 మిల్లీలీటర్లు అయింది. 2024వ సంవత్సరంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటి సగటు కంటే సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నమోదయింది.

2021 సంవత్సరపు నోబెల్ బహుమతిలో సగం స్యుకురో మనాబే, క్లాస్ హాసెల్‌మాన్ అనే ఇద్దరు శీతోష్ణస్థితి శాస్త్రవేత్తలకు దక్కింది. ఏ శాస్త్రంలో ఇచ్చారో తెలుసా? భౌతికశాస్త్రంలో! నోబెల్ కమిటీ వారే దీన్ని ఫిజిక్సు అన్నప్పుడు మన టైంటేబుల్‌లో మాత్రం వేరే పీరియడ్ ఎందుకు?

మన స్లాబు, మన డార్మిటరీ

ఇక భూమి నుండి హాస్టలుకు వద్దాం. వేసవిలో రాత్రి పది గంటలకు కూడా డార్మిటరీ ఎందుకు ఉడికిపోతుంది? సూర్యుడు ఎప్పుడో అస్తమించాడు కదా?

ఇది విశిష్టోష్ణం లెక్క. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు స్లాబు తీసుకుందాం. ఘనపరిమాణం 7.2 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు కాబట్టి స్లాబు ద్రవ్యరాశి 17 వేల కిలోల పైమాటే. కాంక్రీటు విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 880 జౌళ్ళు. పగలు స్లాబు పది డిగ్రీలు వేడెక్కిందనుకుంటే అది దాచుకున్న వేడి సుమారు 15 కోట్ల 20 లక్షల జౌళ్ళు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్ళు. అంటే స్లాబులో 42 యూనిట్ల వేడి ఉంది. ఒక కిలోవాట్ హీటరును 42 గంటలు వెలిగించినంత! సాయంత్రం నుండి ఆ వేడిలో కొంత భాగాన్ని స్లాబు మన మీదికి వదులుతుంది.

దానికి తోడు మనమూ హీటర్లమే. నిద్రపోతున్న మనిషి ఒళ్ళు ఇంచుమించు 70 వాట్ల వేడి వదులుతుంది. డార్మిటరీలో నలభై మంది ఉంటే 2800 వాట్లు. దాదాపు మూడు కిలోవాట్ హీటర్లు వెలిగినట్లే. కిటికీలు మూసి ఫ్యాను వేస్తే లాభం లేదు. ఫ్యాను గదిని చల్లబరచదు. గాలిని కదిపి చెమట ఆరేలా చేస్తుంది, అంతే. పైగా తన మోటారు వేడిని కూడా గదిలోనే వదులుతుంది. అందుకని రాత్రి బయట గాలి చల్లబడగానే ఎదురెదురు కిటికీలు తెరవాలి. దీని పేరు ఉష్ణ సంవహనం. పుస్తకంలో ఈ మాటకు బీకరులో పొటాషియం పర్మాంగనేట్ బొమ్మ ఉంటుంది. దాని పక్కన మన కిటికీ బొమ్మ కూడా ఉంటే ఎంత బాగుంటుంది!

మరి స్లాబుకు వైద్యం ఏమిటి? నిట్టనిలువు ఎండలో చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దాకా శక్తి పడుతుంది. పాతబడి నల్లబడిన స్లాబు అందులో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. కొత్తగా వేసిన తెల్ల సున్నం ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. కాంతి పరావర్తనం పాఠం ఇక్కడ పనికొచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో "కూల్ రూఫ్ పాలసీ" ప్రకటించడానికి ఆధారం ఈ చిన్న సూత్రమే. మన పెద్దలు వేసవికి ముందు ఇంటికి సున్నం కొట్టడంలో అందంతో పాటు ఈ ఉపయోగం కూడా ఉంది.

చెమట చుక్క విలువ

ఇప్పుడు చెప్పబోయేది మా దృష్టిలో ఈ వ్యాసానికి ప్రాణం. మన హాస్టళ్ళలో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువ మంది రెక్కాడితే గాని డొక్కాడని కూలీలు. మిరప కోతలు, ఇటుక బట్టీలు, రోడ్డు పనులు, చెరువు పూడిక పనులు. వీటిలో చాలావరకు ఎండాకాలంలోనే జోరుగా సాగుతాయి. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. ఎండను తప్పించుకునే వీలు లేనివాళ్ళే ఎక్కువగా పోయారు. భూమి సగటు ఒకటిన్నర డిగ్రీ పెరగడం అంటే పుస్తకంలో ఒక అంకె. మన ఇళ్ళల్లో అది అమ్మానాన్నల ప్రాణం.

బాష్పీభవన గుప్తోష్ణం అని ఒక మాట చదువుతాం. ఒక కిలో నీరు ఒంటి మీద ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి తీసుకుంటుంది. ఆ వేడి మన ఒంటి నుండే పోతుంది. బరువైన పని చేస్తున్న మనిషి ఒంట్లో సుమారు 350 వాట్ల వేడి పుడుతుందనుకుందాం. గంటకు అది 12 లక్షల 60 వేల జౌళ్ళు. చుట్టూ గాలి ఒంటికంటే వేడిగా ఉంటే వేడి పోయే దారి చెమట ఒక్కటే. 12.6ను 24తో భాగిస్తే 0.52. అంటే గంటకు అరలీటరుకు పైగా చెమట ఆరాలి. నెత్తిన పడే ఎండ వేడి ఇందులో కలపలేదు. ఆరు గంటల పనికి మూడు లీటర్లు దాటుతుంది. పనికి పోతూ ఒక్క లీటరు సీసా పట్టుకెళ్ళే అమ్మకు ఈ లెక్క చెప్పవలసింది మనమే. నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ కూడా ఇవ్వాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక.

ఇంకో ముఖ్యమైన విషయం. కారి నేల మీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుకే సముద్రతీరంలో 38 డిగ్రీల తేమ ఎండ కొన్నిసార్లు లోపలి జిల్లాల 43 డిగ్రీల పొడి ఎండ కంటే ప్రమాదం. దీన్ని కొలవడానికి రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బల్బుకు పాత బనీను గుడ్డ తడిపి చుట్టండి, రెండోదాన్ని అలాగే ఉంచండి. గాలి తగిలే నీడలో పెట్టి, కాసేపాగి రెండూ చదవండి. తడి థర్మామీటరు తక్కువ చూపిస్తే చెమట బాగా ఆరే రోజన్నమాట. రెండింటికీ తేడా తక్కువగా ఉంటే జాగ్రత్త పడాలి. తడి థర్మామీటరు 35 డిగ్రీలకు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడికి కూడా కొన్ని గంటల్లో ప్రాణాపాయం. పని చేసేవాళ్ళకు అంతకు చాలా ముందే ప్రమాదం మొదలవుతుంది. ఈ ప్రయోగం ల్యాబ్ లేని బడిలో కూడా చేయవచ్చు.

మోటారు, హీటరు, ఫ్యాను

సుస్థిరత గురించి చెప్పేటప్పుడు "పొదుపు చేయండి" అంటే చాలదు. ఎక్కడ చేస్తే ఎంత మిగులుతుందో చెప్పాలి. ఈ పద్ధతికి మంచి ఉదాహరణ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ మెకే. ఆయన ఒక దేశం మొత్తం శక్తి వాడకాన్ని "మనిషికి రోజుకు ఎన్ని యూనిట్లు" అనే ఒకే కొలతలోకి మార్చి పుస్తకం రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అదే దారిలో మేము హాస్టలు లెక్కలు కొన్ని వేశాం.

వెయ్యి లీటర్ల నీళ్ళు పది మీటర్ల ఎత్తున్న ట్యాంకుకు ఎక్కించాలి. స్థితిశక్తి సూత్రం ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం. 1000 × 9.8 × 10 = 98 వేల జౌళ్ళు. అంటే 0.027 యూనిట్. మోటారులో, పైపుల్లో నష్టాలు కలిపి మూడింతలు వేసుకున్నా 0.1 యూనిట్ దాటదు.

అవే వెయ్యి లీటర్లను చలికాలంలో స్నానానికి 20 డిగ్రీలు వేడి చేయాలంటే? ఒక్కొక్కరికి పదిహేను లీటర్ల చొప్పున అరవై ఆరు మందికి సరిపోయే నీళ్ళివి. 1000 × 4186 × 20 = సుమారు 8 కోట్ల 37 లక్షల జౌళ్ళు, అంటే 23 యూనిట్లు. ఎక్కించడం కంటే వేడి చేయడానికి 850 రెట్లు ఎక్కువ శక్తి కావాలి! అందుకే హాస్టలుకు సోలార్ వాటర్ హీటరు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. దాని వెనుక లెక్క ఉంది.

పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. కొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తుంది. పది ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే తేడా రోజుకు 5.4 యూనిట్లు, నెలకు 162 యూనిట్లు. మన దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు తయారీలో సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కాబట్టి నెలకు 113 కిలోలు తగ్గుతుంది. ఎందుకంటే మన కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ రామగుండం, కొత్తగూడెం వంటి బొగ్గు కేంద్రాల నుండే వస్తోంది. బొగ్గు వేడిలో మూడో వంతుకు కొంచెం పైగా మాత్రమే కరెంటుగా మారుతుంది, మిగతాది వృథాగా పోతుంది.

దారి లేకపోలేదు. కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన సోలార్ పార్కు సామర్థ్యం వెయ్యి మెగావాట్లు. రామగుండం జలాశయం మీద 2022లో వంద మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం పూర్తయింది. అయితే రాత్రి సూర్యుడు ఉండడు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళను పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయవచ్చు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టున ఇలా రెండు వైపులా పనిచేయగల యంత్రాలు ఉన్నాయి. కానీ వెయ్యి లీటర్లు పది మీటర్లు ఎక్కిస్తే 0.027 యూనిటే దాగుతుందని ఇందాక చూశాం. కనుక ఈ పనికి సముద్రమంత నీళ్ళు, కొండంత ఎత్తు కావాలి. ఒకే సూత్రం హాస్టలు ట్యాంకు నుండి శ్రీశైలం దాకా వర్తిస్తుంది. ఫిజిక్సు గొప్పతనం అదే.

సముద్రం సంగతి

గ్లాసు నీళ్ళలో ఐసుముక్క వేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. ఐసు కరిగాక మట్టం మారదు. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. అదే గ్లాసు అంచున జల్లెడ పెట్టి దాని మీద ఐసు ఉంచితే, కరిగి కారిన నీటితో మట్టం పెరుగుతుంది. అందుకే తేలే మంచు కంటే గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీది మంచు కరగడం ఎక్కువ చేటు. దీనికి తోడు నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతం దాకా సముద్రాలే తీసుకుంటున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా నేర్చుకోవాలి. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరం కోతకు గురవుతోంది. దీనికి సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు. అలలు, ప్రవాహాలు, ఇసుక కదలిక, తీరం వెంట కట్టడాలు ఇలా చాలా ఉన్నాయి. తుఫాన్లు కూడా భూతాపం వల్లే పుట్టలేదు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన మన తాతల కాలానిది. కానీ తుఫానుకు ఇంధనం వేడి సముద్రం నుండి లేచిన ఆవిరి గుప్తోష్ణమే. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కాబట్టి కురిసే వాన కుంభవృష్టి కావడానికి అవకాశం పెరుగుతుంది. ఏది ఖాయం, ఏది అవకాశం అని విడదీసి చెప్పడమే సైన్సు.

మనకు ఆదర్శం అన్నా మణి

వాతావరణం కొలిచే పనిలో మన దేశానికి పునాదులు వేసినవారిలో అన్నా మణి గారు ఒకరు. 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టారు. బెంగుళూరులో సర్ సి.వి.రామన్ వద్ద కెంపు, వజ్రాల వర్ణపటాల మీద పరిశోధన చేశారు. ఎం.ఎస్సీ. పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు పిహెచ్.డి. ఇవ్వలేదు. ఆమె కుంగిపోలేదు. లండన్ వెళ్ళి వాతావరణ పరికరాలలో ప్రావీణ్యం సంపాదించి, 1948లో తిరిగివచ్చి భారత వాతావరణ శాఖలో చేరారు. దిగుమతి చేసుకునే పరికరాలను ఇక్కడే తయారు చేయించారు. దేశమంతటా సూర్యరశ్మిని కొలిచే కేంద్రాలు నెలకొల్పడానికి కృషి చేశారు. ఆమె 1980లో ప్రచురించిన సౌరశక్తి గణాంకాల గ్రంథం ఇంజనీర్లకు ఎంతో ఉపయోగపడింది. 2001లో కన్నుమూశారు. పట్టా ఇవ్వనంత మాత్రాన జ్ఞానం ఆగదని ఆమె జీవితం చెబుతోంది. ముఖ్యంగా మా చెల్లెళ్ళు ఈమె గురించి చదవాలి.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

"పబ్లిక్ పరీక్షలకు సిలబస్సే పూర్తికావడం లేదు, ఇదెక్కడ చెప్పమంటారు?" అని సార్లు, టీచర్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేము అదనపు పీరియడ్ అడగడం లేదు. లెక్కల్లో వస్తువులు మార్చమంటున్నాం. "ఒక బ్లాకు ద్రవ్యరాశి..." అనే చోట మా స్లాబు పెట్టండి. "ఒక ద్రవం..." అనే చోట మా అమ్మ చెమట పెట్టండి. సూత్రం అదే, మార్కులు అవే. కానీ లెక్క పూర్తయ్యేసరికి ఒక ఇల్లు చల్లబడే ఉపాయం తెలుస్తుంది.

"మనం వదిలే పొగ ఎంత గనుక?" అనే ప్రశ్న కూడా వస్తుంది. నిజమే. ఏడాదికి సగటు భారతీయుడి వాటా సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయితే సగటు అమెరికన్ వాటా సుమారు పద్నాలుగు టన్నులు. కూలి చేసుకునే కుటుంబానిది ఆ రెండు టన్నుల కంటే ఇంకా తక్కువే. తప్పు ఎక్కువ చేయనివాళ్ళకే శిక్ష ఎక్కువ పడుతోంది. అందుకే మనం ఈ పాఠాన్ని నేరం చేసినవాళ్ళలా తల దించుకుని వినక్కరలేదు. హక్కు ఉన్నవాళ్ళలా తల ఎత్తి నేర్చుకోవాలి. పని వేళలు ఎందుకు మార్చాలో, పనిచోట నీడ, నీళ్ళు ఎందుకు ఉండాలో, హాస్టలు పైకప్పుకు సున్నం ఎందుకు వేయాలో కాగితం మీద లెక్కవేసి అడగగలగాలి. అంకెలతో అడిగిన మాటను కొట్టిపారేయడం కష్టం.

చివరగా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మూడు ప్రశ్నలు.

1. మీ డార్మిటరీ స్లాబు కొలిచి, పది డిగ్రీలు వేడెక్కితే అందులో ఎన్ని యూనిట్ల వేడి దాగుతుందో కనుక్కోండి.

2. మీ హాస్టలు ఫ్యాన్లు, లైట్లు లెక్కించి నెలకు ఎన్ని యూనిట్లు అవుతుందో అంచనా వేసి, కరెంటు బిల్లుతో పోల్చండి. తేడా ఎందుకు వచ్చిందో రాయండి.

3. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నలు ఎండలో ఎన్ని గంటలు పనిచేస్తారో అడగండి. వాళ్ళు ఎన్ని లీటర్ల నీళ్ళు తాగాలో లెక్కవేసి చెప్పండి. మొదట నవ్వుతారు. అయినా చెప్పండి.